ఫ్రీజర్‌లో పోయిన సాక్ష్యం: డోపింగ్ పరీక్షల్లో రక్తం నిల్వ ఎందుకంత కీలకం

2004 ఆగస్టు, ఏథెన్స్ ఒలింపిక్స్. సైక్లింగ్ టైమ్ ట్రయల్‌లో అమెరికా రైడర్ టైలర్ హామిల్టన్‌కు స్వర్ణం వచ్చింది. అతని రక్తంలో వేరే మనిషి ఎర్రకణాలు కలిసి ఉన్నాయని ఎ శాంపిల్ చెప్పింది. అంటే బయటి రక్తం ఎక్కించుకున్నాడన్నమాట. కానీ ఒకేసారి తీసిన రక్తంలో మొదట పరీక్షించేది ఎ శాంపిల్, సరిచూసుకోవడానికి దాచేది బి శాంపిల్. నిబంధన ప్రకారం బి శాంపిల్ కూడా అదే మాట చెప్పాలి. ఆ బి శాంపిల్‌ని ల్యాబ్‌లో ఫ్రీజర్‌లో పెట్టేశారు. చలికి ఎర్రకణాలు పగిలిపోయాయి. పరీక్షకు సరిపడా కణాలు మిగల్లేదు, కేసు అక్కడితో ఆగిపోయింది, పతకం అతని దగ్గరే ఉండిపోయింది.

అదే ఏడాది స్పెయిన్‌లో జరిగిన వుయెల్టా రేసులో ఇచ్చిన రక్తంలో మళ్లీ దొరికి, రెండేళ్ల నిషేధం పడింది. 2011లో డోపింగ్ చేశానని తనే ఒప్పుకున్నాడు. 2012లో ఒలింపిక్ కమిటీ ఆ స్వర్ణాన్ని వెనక్కి తీసుకుని, రెండో స్థానంలో వచ్చిన రష్యా రైడర్ వ్యాచెస్లావ్ ఎకిమోవ్‌కి ఇచ్చింది. ఒక ట్యూబుని తప్పు చోట పెట్టినందుకు ఎనిమిదేళ్లు పట్టిన లెక్క అది.

ఏ క్రీడాకారుడైనా ‘నా శాంపిల్‌ని సరిగా ఉంచలేదు, వేడిలో పడేశారు’ అన్నాడని వార్త రాగానే చదివేవాళ్లు రెండుగా చీలిపోతారు. దొరికిన ప్రతివాడూ చెప్పే సాకే ఇదని కొందరు, అయ్యో పాపం అన్యాయం జరిగిందని కొందరు. రెండిట్లో ఏదో ఒకటి పట్టుకునే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ రక్తంలో దేన్ని కొలిచారు? నిల్వలో జరిగిన తప్పు ఆ కొలతను ఎటువైపు తోస్తుంది? పైకా, కిందికా? నిల్వ గొడవలన్నీ చివరికి ఇక్కడికే వచ్చి ఆగుతాయి.

ట్యూబులోకి వచ్చాక కూడా రక్తం బతికే ఉంటుంది

ముందు ఒక మాట తేల్చుకుందాం. మన భాషలో ‘గడ్డకట్టడం’ రెండు పనులకు వాడతాం. గాయమైతే రక్తం గడ్డకడుతుంది, చలికి నీళ్లూ గడ్డకడతాయి. ఈ విషయంలో ఆ రెండూ కలిసిపోతే అంతా గందరగోళమే. అందుకని చలికి జరిగేదాన్ని ‘ఫ్రీజ్ అవడం’ అనే అంటాను.

కణాల లెక్క కోసం తీసే రక్తం ఊదారంగు మూత ఉన్న చిన్న ట్యూబులోకి వెళ్తుంది. దాని లోపలి గోడకు ఈడీటీఏ అనే రసాయనం పూసి ఉంటుంది. రక్తం గడ్డకట్టాలంటే కాల్షియం కావాలి. ఈడీటీఏ ఆ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది కాబట్టి రక్తం ద్రవంగానే ఉండిపోతుంది. అందుకే రక్తం తీసిన మనిషి ట్యూబుని నెమ్మదిగా తలకిందులు చేస్తూ, మళ్లీ నిలబెడుతూ కలుపుతారు. గట్టిగా ఊపితే కణాలు చితికిపోతాయి. అసలు కలపకపోతే సన్నటి గడ్డలు వచ్చేస్తాయి. ట్యూబుని కాసేపు కదపకుండా ఉంచితే రెండు పొరలు తేలతాయి: అడుగున ముదురు ఎరుపు కణాలు, పైన ఎండుగడ్డి రంగు ప్లాస్మా, అంటే కణాలు లేని ద్రవం. ఆ పై పొర గులాబీ రంగులోకో ఎరుపులోకో తిరిగితే కణాలు పగిలాయని కంటికే తెలిసిపోతుంది.

ఈడీటీఏ గడ్డకట్టడాన్ని ఆపుతుందే తప్ప కణాల బతుకుని ఆపదు. ట్యూబులో ఉన్న కణాలు గ్లూకోజ్ వాడుకుంటూనే ఉంటాయి. ఎర్రకణాలు మెల్లగా నీరు పీల్చి ఉబ్బుతాయి. ఎముక మజ్జ నుంచి అప్పుడే బయటికొచ్చిన పసి ఎర్రకణాలు, అంటే రెటిక్యులోసైట్లు, ముదిరి మామూలు ఎర్రకణాలుగా మారిపోతుంటాయి. ఒంట్లో అయితే ఈ మార్పుకు ఒకటి రెండు రోజులు పడుతుంది. ట్యూబులో కూడా ఆ గడియారం ఆగదు. వెచ్చగా ఉంటే నడుస్తూనే ఉంటుంది, నాలుగు డిగ్రీల దగ్గర ఉంచితే దాదాపు నిద్రపోతుంది. తేడా ఏమిటంటే ఒంట్లో మజ్జ కొత్త పసికణాల్ని పంపుతూ ఉంటుంది, ట్యూబుకి మజ్జ లేదు. కాబట్టి వెచ్చదనంలో వాటి శాతం సాధారణంగా తగ్గుతూనే పోతుంది.

వీటన్నిటి మధ్య హిమోగ్లోబిన్ మాత్రం మొండిది. కొలిచేటప్పుడు యంత్రం ఎలాగూ కణాల్ని పగలగొట్టి లోపలి హిమోగ్లోబిన్ మొత్తాన్ని లెక్కేస్తుంది. కణం ఉబ్బినా, ముదిరినా లోపల ఉన్న సరుకు అంతే కదా. ఈ ఒక్క విషయాన్ని గుర్తుంచుకుంటే చివర్లో వచ్చే లెక్క తేలిగ్గా అర్థమవుతుంది.

పాజిటివ్ అంటే ఒకటి, పాస్‌పోర్ట్ అంటే ఇంకొకటి

డోపింగ్ పరీక్ష అనగానే నిషిద్ధ మందు దొరికిందా లేదా అన్నదే మనకు గుర్తొస్తుంది. అది ఒక పద్ధతి. రెండోది అథ్లెట్ బయోలాజికల్ పాస్‌పోర్ట్. ఇందులో మందు కోసం వెతకరు. ఒకే మనిషి రక్తాన్ని ఏళ్ల తరబడి కొలుస్తూ, ఆ మనిషికి మామూలుగా ఉండే హద్దులేవో గణితంతో అంచనా వేస్తారు. హద్దు దాటిన కొలత వస్తే నిపుణుల దగ్గరికి వెళ్తుంది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య దీన్ని 2008లో మొదలుపెట్టింది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా 2009లో దీనికి అందరూ పాటించే నియమాలు తెచ్చింది.

అంతకుముందు సైక్లింగ్‌లో ఉన్నది మోటు కొలబద్ద. 1997 నుంచి మగ రైడర్ల హెమటోక్రిట్, అంటే మొత్తం రక్తంలో కణాలు ఆక్రమించే భాగం, 50 శాతం దాటితే పోటీలోంచి పక్కన పెట్టేవారు. 1999 జూన్‌లో ఇటలీ గిరో రేసులో రైడర్ మార్కో పంతానిని గెలుపుకు రెండు స్టేజీల దూరంలో ఇంటికి పంపింది ఈ నియమమే. అతనికి వచ్చింది 52 శాతం. అప్పట్లో పరీక్ష రేసు దగ్గరే, అదే ఉదయం జరిగిపోయేది. దూరంగా ఉన్న ల్యాబ్‌కి ట్యూబు ప్రయాణం చేయాల్సి వస్తే మాత్రం హెమటోక్రిట్‌ని నమ్మలేం. దారిలో కణాలు ఉబ్బితే, ఒక్క కణం కూడా పెరగకుండానే అవి ఆక్రమించే భాగం పెరుగుతుంది. పాస్‌పోర్ట్‌లో ప్రధాన కొలత హెమటోక్రిట్ కాకుండా హిమోగ్లోబిన్ కావడం వెనక ఈ నిల్వ సమస్యే ఉంది.

రెండో ముఖ్యమైన కొలత రెటిక్యులోసైట్ శాతం. మూడోది ఈ రెండిటినీ కలిపే ఆఫ్ స్కోర్. దాని సూత్రం చిన్నదే: లీటరు రక్తంలో ఎన్ని గ్రాముల హిమోగ్లోబిన్ ఉందో అందులోంచి, రెటిక్యులోసైట్ శాతం వర్గమూలానికి 60 రెట్లు తీసేయాలి.

ఒకే వేడి: ఒకరిని ఇరికిస్తుంది, ఇంకొకరిని దాచేస్తుంది

లెక్క వేసి చూద్దాం. హిమోగ్లోబిన్ 150, పసికణాలు 1 శాతం. ఒకటి వర్గమూలం ఒకటే, కాబట్టి 150 లోంచి 60 పోతే స్కోర్ 90.

ఇప్పుడు ఆ ట్యూబు ఎండలో ఆగిన కారులో ఉండిపోయిందనీ, పసికణాలు 0.64 శాతానికి పడిపోయాయనీ అనుకుందాం. 0.64 వర్గమూలం 0.8. అరవై రెట్లు చేస్తే 48. హిమోగ్లోబిన్ కదల్లేదు, 150 అలాగే ఉంది. స్కోర్ 102 అయింది. మనిషిలో ఏ మార్పూ లేదు, ట్యూబులో మాత్రమే మార్పు.

ఆ పెరుగుదల దేన్ని పోలి ఉందో చూడండి. క్రీడాకారుడు ముందే తీసి దాచుకున్న తన రక్తాన్ని మళ్లీ ఎక్కించుకుంటే, ఎర్రకణాలు సరిపడా ఉన్నాయని శరీరం గ్రహించి కొత్తవి తయారు చేయడం తగ్గించేస్తుంది. పసికణాలు పడిపోతాయి, ఆఫ్ స్కోర్ పెరుగుతుంది. వేడిలో ఉన్న శుభ్రమైన రక్తం కూడా ఆ మేరకు మోసపు రక్తంలాగే కనిపిస్తుంది. నిల్వ నియమాల్ని క్రీడాకారులు అంత పట్టుదలగా అడగడంలో నాకు న్యాయమే కనిపిస్తుంది.

అయితే ఇది ఒకవైపే. ఎర్రకణాల తయారీని పెంచే ఈపీఓ మందు తీసుకుంటున్న రోజుల్లో మజ్జ జోరుగా పని చేస్తుంది, పసికణాలు పెరుగుతాయి. హిమోగ్లోబిన్ 150 దగ్గరే ఉండి, పసికణాలు 2.25 శాతానికి వెళ్లాయనుకుందాం. వర్గమూలం 1.5, అరవై రెట్లు 90, స్కోర్ 60. అనుమానించాల్సినంత తక్కువ. ఈ ట్యూబు వేడిలో ఉండి పసికణాలు 1.44కి తగ్గితే వర్గమూలం 1.2, స్కోర్ 78. అనుమానం చాలావరకు చెరిగిపోయింది. అంటే అదే కారు, అదే ఎండ ఈసారి మందు వాడినవాడిని కాపాడాయి. వేడి ఎప్పుడూ క్రీడాకారుడికే నష్టం అని వాదించేవాళ్లు ఈ రెండో సగాన్ని వదిలేస్తారు. నిజాయితీగా ఓడిపోయిన పక్క లేన్ మనిషికి జరిగే నష్టం ఈ సగంలోనే ఉంది.

85 అనే గీత

మొదట్లో నియమం గంటలతోనే ఉండేది: రక్తం తీసిన 36 గంటల్లో పరీక్ష అయిపోవాలి. దూర ప్రాంతాల్లో, విమానాలు తక్కువున్న చోట, సెలవు రోజుల్లో అది కుదిరేది కాదు. పైగా చల్లగా వచ్చిన 40 గంటల రక్తం కంటే వెచ్చగా వచ్చిన 30 గంటల రక్తం మెరుగని ఎవరంటారు? అందుకని తర్వాత సమయాన్నీ ఉష్ణోగ్రతనీ కలిపి ఒక లెక్క తెచ్చారు, రక్త స్థిరత్వ స్కోర్ అని. సగటు ఉష్ణోగ్రతను మూడుతో గుణించి, రక్తం తీసినప్పటి నుంచి పరీక్ష వరకు గడిచిన గంటల్ని కలపాలి. వచ్చే అంకె 85 కంటే తక్కువ ఉండాలి.

సగటు 4 డిగ్రీల్లో 60 గంటలు గడిస్తే 12, 60 కలిపి 72. పాస్. అదే 60 గంటలు 10 డిగ్రీల్లో అయితే 30, 60 కలిపి 90. పోయింది. 20 డిగ్రీల గదిలో ఉన్నా 20 గంటల్లో పరీక్ష జరిగితే 80, ఇదీ పాసే. ఒక డిగ్రీ పెరిగితే మూడు గంటల గడువు తరుగుతుందన్నమాట.

ఉష్ణోగ్రత సంగతి చెప్పేది పెట్టెలో శాంపిళ్లతో పాటు ప్రయాణించే చిన్న పరికరం, డేటా లాగర్. నిర్ణీత వ్యవధుల్లో కొలిచి దాచుకుంటుంది. ల్యాబ్‌లో దాన్ని కంప్యూటర్‌కి కలిపితే ఒక గీత వస్తుంది. కారు ఎక్కడ ఆగిందో, విమానాశ్రయంలో పెట్టె ఎంతసేపు బయట ఉందో ఆ గీత ఎగుడుదిగుళ్లలో చదవొచ్చు.

ఈ సూత్రం బాగుంది కానీ సగటు అన్నాక దానికుండే గుణం దానికుంటుంది. 40 గంటలు 4 డిగ్రీల్లో, 4 గంటలు 30 డిగ్రీల్లో ఉన్న ట్యూబు తీసుకోండి. సగటు సుమారు 6.4 డిగ్రీలు. మూడుతో గుణిస్తే సుమారు 19, దానికి 44 గంటలు కలిపితే 63. హాయిగా పాస్. ఆ నాలుగు గంటల మంట అంకెలో ఎక్కడా కనబడదు. ఇంకో చిత్రం: ట్యూబు సున్నా కిందికి వెళ్తే సగటు ఇంకా తగ్గి స్కోర్ ఇంకా ‘మంచిది’ అవుతుంది, లోపల కణాలు మాత్రం పగిలిపోతుంటాయి. అందుకే ఫ్రీజ్ కాకూడదన్న నియమం స్కోర్‌తో పని లేకుండా విడిగా ఉంది. అంకె ఒక్కటే చూసి ఊరుకోకుండా లాగర్ గీతనీ చూడాలనడానికి కారణం ఇదే.

ల్యాబ్‌కి చేరాక కూడా ఒక కాపలా ఉంది. ట్యూబుని కనీసం 15 నిమిషాలు రోలర్ మీద తిప్పి, ఒకే ట్యూబుని రెండుసార్లు కొలుస్తారు. రెండు కొలతలూ దగ్గరగా రాకపోతే ఒప్పుకోరు. కానీ ఇది యంత్రం తడబడలేదని చెబుతుందే తప్ప రక్తం దారిలో మారలేదని చెప్పదు. మారిపోయిన రక్తం కూడా రెండుసార్లూ ఒకే అంకె ఇస్తుంది.

ఫ్రిజ్ ఒకదానికి మేలు, ఫ్రీజర్ ఇంకొకదానికి

‘చల్లగా ఉంచాలి’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటే ఏథెన్స్‌లో జరిగినట్టే అవుతుంది. హామిల్టన్ పరీక్షలో చూసేది ఎర్రకణాల ఉపరితలం మీదున్న గుర్తులు, అంటే రక్తం గ్రూపుల్లో చిన్న చిన్న రకాలు. ఒకే మనిషిలో రెండు రకాల కణాలు కనబడితే ఇంకొకరి రక్తం కలిసినట్టు. కణమే లేకపోతే గుర్తు ఎక్కడ వెతుకుతారు? ఫ్రీజ్ అయినప్పుడు కణం లోపలి నీరు మంచు పలుకులై పొరని చీల్చేస్తుంది. కరిగాక మిగిలేది ఎర్రటి నీళ్లే.

గ్రోత్ హార్మోన్ లాంటివి వెతకడానికి వేరే ట్యూబు తీస్తారు, సీరమ్ కోసం, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం కోసం. అక్కడ రక్తం గడ్డకట్టాలి, అదే కావాలి. అందుకని తీయగానే ఫ్రిజ్‌లో పెట్టకుండా కొద్దిసేపు గది వేడిలోనే నిలబెడతారు. గడ్డకట్టాక చల్లబరుస్తారు. సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో వేగంగా తిప్పి సీరమ్‌ని వేరు చేశాక మాత్రం కథ తిరగబడుతుంది. కణాలు లేవు కాబట్టి పగలడానికి ఏమీ లేదు. ఇప్పుడు ఫ్రీజరే దానికి మంచి చోటు.

ఆ ఫ్రీజర్ వల్లనే బీజింగ్ కథ సాధ్యమైంది. 2008 ఒలింపిక్స్‌లో దాచిన నమూనాల్ని 2009లో సెరా అనే కొత్త తరం ఈపీఓ కోసం మళ్లీ పరీక్షించారు. 1500 మీటర్ల స్వర్ణం గెలిచిన బహ్రెయిన్ రన్నర్ రషీద్ రమ్జీ దొరికాడు, పతకం పోయింది. ఇప్పటి నియమాల ప్రకారం పదేళ్ల దాకా నమూనాల్ని ఇలా తిరగదోడొచ్చు. కానీ పాస్‌పోర్ట్ కొలతల్ని ఇలా మళ్లీ తీయలేం. పసికణాల శాతం ఆ రెండు మూడు రోజుల్లో కొలిస్తే కొలిచినట్టు, లేదంటే పోయినట్టే.

2021 నుంచి ఇంకో దారి తెరుచుకుంది. వేలి నుంచో భుజం నుంచో కొద్ది చుక్కలు తీసి కాగితం లాంటి దాని మీద ఆరబెట్టడం. ఎండిన రక్తంలో ఎంజైములు పని చేయడానికి నీరు ఉండదు. కొన్ని స్టెరాయిడ్ ఇంజెక్షన్ల ఆనవాళ్లని ద్రవరక్తంలోని ఎంజైములు ముక్కలు చేసేస్తాయి, ఆరిన చుక్కలో అవి మరింత నిలుస్తాయి. ఐస్ పెట్టె అవసరం కూడా తగ్గుతుంది. నిల్వ సమస్యకు ఇదే మందు అని కొందరు సంబరపడ్డారు. కానీ ఎండిపోయిన చుక్కలో యంత్రం లెక్కపెట్టడానికి నిండు కణాలు ఉండవు, కాబట్టి పాస్‌పోర్ట్‌కు చల్లటి ట్యూబు తప్పదు.

తప్పు జరిగిందని తేలితే?

ఇక్కడే వాదన వేడెక్కుతుంది. క్రీడాకారుల తరఫు లాయర్లు అడిగేది ఇది: మేం ఎక్కడున్నామో రోజూ చెప్పాలి, ఒక్క టెస్ట్ తప్పించుకున్నా కేసే. మాకు అంత కఠినంగా ఉన్న నియమాలు మీకు ఎందుకు సడలాలి? నియమం తప్పితే శాంపిల్‌ని చెత్తబుట్టలో వేయండి. ఇందులో బలముంది. కెరీర్ మొత్తం పణంగా ఉన్న మనిషి అడిగే ప్రశ్న ఇది, దీన్ని తేలిగ్గా తీసేయకూడదు.

అవతలి పక్షం మాట: పెట్టె అరగంట ఆలస్యమైందని, ఒక ఫారంలో సంతకం తప్పు చోట పడిందని ప్రతి శాంపిల్‌నీ పారేస్తే పట్టుబడేవాళ్లే ఉండరు. ఆ తప్పు ఫలితాన్ని మార్చగలదా అన్నదే ముఖ్యం.

వాడా కోడ్ మధ్యదారి పట్టింది. నియమం తప్పినంత మాత్రాన ఫలితం చెల్లకుండా పోదు. ఆ తప్పు వల్లే ఇలాంటి ఫలితం వచ్చి ఉండొచ్చని క్రీడాకారుడు సహేతుకంగా చూపగలిగితే, కాదని రుజువు చేసే భారం డోపింగ్ సంస్థ మీదికి మారుతుంది. పాస్‌పోర్ట్ కేసులో అయితే ముగ్గురు నిపుణులు ఏకాభిప్రాయానికి రావాలి. లాగర్ రికార్డు, శాంపిల్ చేతులు మారిన వివరాలు వాళ్ల ముందుంటాయి.

వాళ్లు మొదట చూసేది దిశనే. జర్మన్ స్కేటర్ క్లాడియా పెఖ్‌స్టైన్‌పై 2009లో రెండేళ్ల నిషేధం పడింది. కారణం నార్వేలోని హమార్‌లో ఆమె పసికణాలు 3.5 శాతం దాకా వెళ్లడం. వెచ్చటి నిల్వ వాటిని తగ్గించే రకం కాబట్టి అలాంటి అంకెను వేడి మీదికి నెట్టడం కష్టం. కానీ అది డోపింగేనా? క్రీడా న్యాయస్థానం అదే ఏడాది నిషేధాన్ని సమర్థించింది. తర్వాత వైద్యులు ఆమెకు పుట్టుకతో వచ్చిన రక్తకణాల లోపం ఉందన్నారు. 2015లో జర్మన్ ఒలింపిక్ సమాఖ్యే ఆమెను బాధితురాలిగా చెప్పింది. నిల్వ కారణం కానంత మాత్రాన మిగిలిన కారణాలన్నీ మూసుకుపోవని గుర్తుపెట్టుకోవాలి.

చివరగా ఒక ఊహా కేసు. ఒక రన్నర్‌కి ఎప్పుడూ హిమోగ్లోబిన్ 150, పసికణాలు 1 శాతం, స్కోర్ 90. పెద్ద పోటీకి ముందు తీసిన రక్తంలో 168, 0.36 వచ్చాయి. 0.36 వర్గమూలం 0.6, అరవై రెట్లు 36, స్కోర్ 132. పెట్టె దారిలో వేడెక్కిందని లాగర్ కూడా చెబుతోంది. రన్నర్ మాట నమ్మి పసికణాలు పడిపోయిందంతా వేడి వల్లేనని ఒప్పుకుందాం. వాటిని మళ్లీ 1 శాతానికి తెచ్చి లెక్కేద్దాం. 168 లోంచి 60 పోతే 108, ఇంకా 90 కంటే చాలా ఎక్కువే. మిగిలిన ఆ 18 గ్రాములూ హిమోగ్లోబిన్‌వి, దాన్ని వేడి కదపలేదు. అప్పుడు నిపుణులు నిల్వని పక్కనబెట్టి వేరే ప్రశ్నలకు వెళ్తారు: ఎత్తైన కొండ ప్రాంతంలో శిక్షణ తీసుకున్నాడా, ఒంట్లో నీరు తగ్గి రక్తం చిక్కబడిందా, సూది గుచ్చే ముందు పది నిమిషాలు కూర్చోబెట్టారా లేదా.